హామర్ కోరల్ మూడు వారాలుగా విచ్చుకోవట్లేదు, టెస్టులన్నీ బాగానే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలిఅల
సముద్రపు నీళ్ల ట్యాంకులో ఐదు హెడ్ల (తలల) బ్రాంచింగ్ హామర్, అంటే కొమ్మలుగా పెరిగే, కొనలు సుత్తిలా ఉండే పగడం. ఏడాదిన్నర క్రితం రెండు హెడ్లతో వచ్చింది, నా దగ్గరే ఐదైంది. లైట్ వెలిగిన గంటకల్లా ఒక్కో హెడ్ పిడికిలంత ఉబ్బి, సుత్తి కొనలన్నీ ఒకే వైపు ఊగుతుండేవి. మూడు వారాల నుంచి సగమే బయటికొస్తోంది. ఈ వారం అది కూడా లేదు. రెండు హెడ్ల మీద కండ ఎంత పల్చబడిందంటే, కింద ఉన్న అస్థిపంజరం అంచులు రంపం పళ్లలా పొడుచుకొచ్చి కనబడుతున్నాయి. రంగు మాత్రం పోలేదు, ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది.

ట్యాంకు, సంప్ (ట్యాంకు కింది ఫిల్టర్ తొట్టి) కలిపి నీళ్లు 200 లీటర్లు. టెంపరేచర్ 25.5 నుంచి 26. సాలినిటీ (నీళ్లలో ఉప్పు, వెయ్యికి ఎన్ని పాళ్లో) 35. ఆల్క్ (ఆల్కలినిటీ, నీళ్లలో కార్బొనేట్ల కొలత) 8.2 డీకేహెచ్, కాల్షియం 405 పీపీఎం, నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.06. పీహెచ్ పగలు 8.2. రెండు వారాలకోసారి 20 లీటర్లు మారుస్తాను. చేపలు హాయిగా తిరుగుతున్నాయి. మష్రూమ్‌లు, లెదర్ కోరల్స్ కూడా బాగానే ఉన్నాయి.

రెండు నెలల క్రితం లైట్ మార్చాను. హామర్‌ను ఇప్పటికి రెండు చోట్లకు జరిపి చూశాను, తేడా లేదు. కొలతల్లో తప్పేమీ దొరకట్లేదు, అది మాత్రం కళ్లముందే కరిగిపోతోంది.

పగడాల_పిచ్చి
లైటే. రెండు నెలల క్రితం మార్చానని మీరే రాశారుగా. కొత్త ఎల్ఈడీ కింద హామర్లు ఇలాగే ముడుచుకుంటాయి. వెలుగు సగానికి తగ్గించి, కోరల్‌ను ఇసుక మీదికి దించండి.

ఫ్రాగ్‌స్పాన్_తోట
నాకైతే లైట్ అనిపించట్లేదు. లైట్ దెబ్బయితే ముందు రంగు పోవాలి. కండలో కాపురముండే జూజాంథెల్లే ఆల్గే వెళ్లిపోయి కోరల్ పాలిపోతుంది. అలా తెల్లబడ్డాక కూడా కొన్నాళ్లు ఉబ్బుతూనే ఉంటుంది. ఇక్కడ రంగు నిలిచి ఉంది, ఉబ్బు పోయింది. పైగా కొత్త లైట్ కింద ఐదు వారాలు బాగానే ఉంది కదా.

నీలిఅల గారూ, ముందు దాన్ని జరపడం ఆపండి. ఒక్కో చోటికి అలవాటు పడటానికి దానికి వారాలు పడుతుంది. మీరు జరిపిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పవర్‌హెడ్ (ట్యాంకులో నీళ్లు తిప్పే పంపు) ధార నేరుగా తగులుతోందేమో మాత్రం చూడండి. కండ పల్చగా ఉన్నప్పుడు నేరుగా ధార కొడితే ఆ రంపం అంచులే దాన్ని కోసేస్తాయి.

చిన్న_క్లౌన్
నా హామర్ రోజూ రాత్రి బాగా ముడుచుకుంటుంది. అదీ జబ్బేనా?

ఫ్రాగ్‌స్పాన్_తోట
కాదు. లైట్లు ఆరాక ముడుచుకోవడం మామూలే. పొద్దున మళ్లీ విచ్చుకుంటోందా లేదా అన్నదే చూడాలి.

రాత్రి_టార్చి
పురుగులు చూశారా? హామర్లను, టార్చ్ కోరల్స్‌ను తినే ఫ్లాట్‌వర్మ్‌లు ఉంటాయి. పగలు కనబడవు, కోరల్ రంగులోనే కలిసిపోతాయి. లైట్లు ఆరిన రెండు గంటలకు ఎర్ర కాగితం చుట్టిన టార్చితో చూడండి. హెడ్ల మీద కాదు, కొమ్మల మీద, కండ ఆగిపోయి తెల్ల అస్థిపంజరం మొదలయ్యే గీత దగ్గర. గుడ్లు కొమ్మల అడుగున గోధుమ రంగు చుక్కల్లా వరసగా అతుక్కుని ఉంటాయి. గుడ్లు కనబడితే డిప్ (మందునీళ్లలో ముంచడం) ఒక్కటే చాలదు. డిప్‌లో పురుగులు రాలిపోతాయి, గుడ్లు మాత్రం అలాగే ఉంటాయి. గీకి తీసేయాలి, వారం వారం మళ్లీ చూసుకోవాలి.

మూడో_ట్యాంకు
పవర్‌హెడ్ మాగ్నెట్లు, అద్దం తుడిచే మాగ్నెట్ తీసి వెనక వైపు వేలితో తడమండి. నాకు ఒకసారి ఇలాగే అయింది. అద్దం మాగ్నెట్‌కు ప్లాస్టిక్ తొడుగు మూల దగ్గర వెంట్రుకంత చీలిక. లోపల ఇనుము ఉబ్బి పొడిలా రాలుతోంది. నాలుగు నెలలు టెస్టులు చేస్తూనే ఉన్నాను, ఏ కిట్‌లోనూ కనబడలేదు. చివరికి తుడుస్తున్నప్పుడు గుడ్డకు ఎర్ర మరక అంటితే తెలిసింది. మాగ్నెట్ మార్చి, రెండు వారాలు నీళ్లు వడకట్టే కార్బన్ పెట్టాక కోరల్స్ కోలుకున్నాయి.

నీలిఅల
అన్నీ చూశాను.

మాగ్నెట్లు మూడూ బయటికి తీశాను. చీలిక లేదు, మరక లేదు.

రాత్రి పదకొండింటికి టార్చితో ముప్పావుగంట కూర్చున్నాను. ఫ్లాట్‌వర్మ్‌లు లేవు, గుడ్లు లేవు. రాతి కింద నుంచి ఒక పొడవాటి బ్రిజిల్‌వర్మ్ వచ్చి పల్చబడ్డ హెడ్ పక్కన తిరుగుతోంది. దాని పనేనా?

ధార నేరుగా తగలట్లేదు. కొనలు బయట ఉన్న రోజుల్లో మెల్లగా ఊగేవి.

రాత్రి_టార్చి
బ్రిజిల్‌వర్మ్ కాదు. అది చచ్చిన కండను ఏరుకు తినేది. కాకులు వాలాయంటే అక్కడ ముందే ఏదో చచ్చిందని అర్థం. దాన్ని అలాగే వదిలేయండి.

పగడాల_పిచ్చి
పురుగూ లేదు, మాగ్నెట్టూ లేదు, ధారా లేదు. మిగిలింది లైటే కదా. నా దగ్గర రెండు హామర్లు కొత్త లైట్ కింద పోయాయి. అవీ మొదట రంగు పోగొట్టుకోలేదు. రంగు పోతేనే లైట్ అని ఒట్టు పెట్టుకోకండి.

కొలతల_రాణి
వాదన కాసేపు ఆపండి, నాకు మూడు సంగతులు తెలియాలి. సాలినిటీ 35 అన్నారు. దేంతో కొలిచారు? ఆ పరికరాన్ని దేంతో సరిచూసుకున్నారు? ఏ నీళ్లను కొలిచారు? ఈ చివరిది ఊరికే అడగట్లేదు.

ఉప్పుగల్లు
రాణి అక్క ప్రశ్నలకు నాదొకటి కలపండి. మెగ్నీషియం ఎంత? మీరు రాసిన లెక్కల్లో అదొక్కటే లేదు. పాత లెక్కలు రాసుకునే అలవాటుంటే అవి కూడా పెట్టండి.

నీలిఅల
రాణి గారూ, రిఫ్రాక్టోమీటర్. ఆర్ఓ నీళ్ల చుక్క వేసి సున్నా దగ్గరికి తిప్పుకుంటాను. కొలిచింది... మీరు అడిగాక ఆలోచిస్తే, నేను కొలిచేది వాటర్ చేంజ్‌కు కలిపిన డ్రమ్ములోని నీళ్లను. ప్రతిసారీ 35కి కలుపుతాను. ట్యాంకు నీళ్లు కొలిచి రెండు నెలలు దాటింది. ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన మేరకు మంచినీళ్లు తనే నింపే పరికరం) ఉంది కదా, మారదనుకున్నాను.

ఉప్పుగల్లు గారూ, మెగ్నీషియం ఈ మధ్య చూడలేదు. ఇప్పుడే చేశాను, 1230. నోటుపుస్తకంలో రెండు నెలల క్రితం 1340 అని ఉంది. అప్పుడు కాల్షియం 435, ఆల్క్ 8.6. మధ్యలో రెండూ కొద్దికొద్దిగా జారుతుంటే టూ పార్ట్ డోసింగ్ (ఆల్క్, కాల్షియం అందించే రెండు ద్రావణాలు) రోజుకు 20 మి.లీ. నుంచి 22కు పెంచాను. కోరల్స్ పెరిగాయి, వాడకం పెరిగిందనుకున్నాను.

ఉప్పుగల్లు
దొరికిందనుకుంటా.

చూడండి, హామర్ ముడుచుకుపోయి ఉంది. ముడుచుకున్న కోరల్ అస్థిపంజరం కట్టదు, కట్టనప్పుడు ఆల్క్, కాల్షియం వాడకం తగ్గాలి. మీకేమో పెరిగినట్టు కనబడుతోంది. అదొక అనుమానం.

రెండోది మెగ్నీషియం. కోరల్ 2.8 డీకేహెచ్ ఆల్క్ వాడితే దాంతో పాటు సుమారు 20 పీపీఎం కాల్షియం వాడుతుంది. మెగ్నీషియం అందులో చాలా చిన్న భాగం. హామర్లు, మష్రూమ్‌లు ఉన్న ట్యాంకులో రెండు నెలల్లో 110 పీపీఎం తినేవాళ్లెవరూ లేరు. మూడూ కలిసి ఒకే వైపు జారాయంటే వాడినట్టు కాదు, పల్చబడినట్టు. నీళ్లే పల్చబడుతున్నాయి. ఆల్క్, కాల్షియాన్ని మీరు డోసింగ్‌తో పైకి తోస్తూ వచ్చారు కాబట్టి అవి బాగున్నట్టు కనబడ్డాయి. మెగ్నీషియాన్ని ఎవరూ తోయలేదు, అందుకే అది అసలు లెక్క చెబుతోంది. 1230ని 1340తో భాగిస్తే 0.92. అంటే ఉప్పులో కూడా ఎనిమిది శాతం దాకా పోయి ఉండాలి.

ట్యాంకు నీళ్లు ఇప్పుడే కొలవండి.

నీలిఅల
32.

మూడుసార్లు కొలిచాను, 32.

చిన్న_క్లౌన్
చేపలు బాగానే ఉన్నాయన్నారుగా, మరి?

మూడో_ట్యాంకు
చేపలకు 32 ఒక లెక్క కాదు. ఇక్ (తెల్లచుక్కల జబ్బు) పట్టిన చేపల్ని విడి ట్యాంకులో 14, 16 దాకా దించి వారాల తరబడి ఉంచేవాళ్లు ఉన్నారు. కోరల్‌కు, నత్తకు, రొయ్యకు ఆ వెసులుబాటు లేదు. చుట్టూ నీళ్లెంత ఉప్పో వాటి ఒంట్లోనూ దాదాపు అంతే ఉప్పు. అందుకే ఈ సంగతిలో చేపల్ని సాక్ష్యానికి పిలవకూడదు.

నీలిఅల
ఇప్పుడు గుర్తొస్తోంది, టర్బో నత్తలు నెల నుంచి అద్దం మీద ఒకేచోట అతుక్కుని ఉంటున్నాయి. ఒకటి ఇసుకలో వెల్లకిలా పడితే మూడుసార్లు నేనే తిరగేశాను. నత్తకు వయసైందనుకున్నాను.

సంప్‌లో_చెయ్యి
ఒక్క చిక్కు ఉంది. టూ పార్ట్ పోసేవాళ్ల ట్యాంకులో ఉప్పు నెలల మీద మెల్లగా పెరగాలి గానీ తగ్గకూడదు. కోరల్స్ కాల్షియం, కార్బొనేట్ తీసుకున్నాక సోడియం, క్లోరైడ్ నీళ్లలోనే మిగిలిపోతాయి. మీకు పెరగకపోగా తగ్గింది. ఉప్పు ఆవిరయ్యేది కాదు. తగ్గిందంటే నీళ్లతో పాటు ఎక్కడో బయటికి పోతోంది, ఆ ఖాళీని ఆటో టాప్ ఆఫ్ మంచినీళ్లతో నింపుతోంది. ఎక్కడైనా కారుతోందా? సంప్ కింద తడి? అంచుల మీద తెల్లగా ఉప్పు పేరుకుందా? స్కిమ్మర్ (నురగతో మురికిని కప్పులోకి లాగే యంత్రం) ఎలా ఉంది?

నీలిఅల
కారట్లేదు. ఉప్పు అంచుల మీద కొద్దిగా, ఎప్పుడూ ఉండేంతే.

స్కిమ్మర్ కప్పుకు ఆరు వారాల క్రితం పైపు పెట్టి కింద 5 లీటర్ల డబ్బాలోకి వదిలాను. రోజూ కప్పు కడిగే పని తప్పుతుందని. ఆ డబ్బా పది రోజులకోసారి నిండుతుంది, పారబోస్తున్నాను. బాగా లాగుతోందని సంతోషపడ్డాను.

సంప్‌లో_చెయ్యి
డబ్బాలో నీళ్ల రంగెలా ఉంది?

నీలిఅల
లేత పసుపు. వాసన కూడా పెద్దగా లేదు.

సంప్‌లో_చెయ్యి
అదే. మురికి లాగే స్కిమ్మర్ నుంచి వచ్చేది చిక్కగా, నల్లగా, ముక్కు మూసుకునేలా ఉంటుంది. లేత పసుపు అంటే అది మీ ట్యాంకు నీళ్లే. ఒక చుక్క రిఫ్రాక్టోమీటర్ మీద వేయండి, ట్యాంకు ఎంతో అదీ అంతే ఉంటుంది.

పది రోజులకు 5 లీటర్లంటే రోజుకు అర లీటరు. 200 లీటర్లలో అర లీటరు, రోజుకు పావు శాతం. చిన్నదిగానే కనబడుతుంది. ఆరు వారాలు వేసుకుంటే 21 లీటర్ల ఉప్పునీళ్లు బయటికెళ్లి, 21 లీటర్ల మంచినీళ్లు లోపలికొచ్చాయి. మధ్యలో మీరు మార్చిన నీళ్లు కొంత కాపాడాయి. కాపాడకపోతే ఇంకా కిందికి పోయేది.

నాకు ఇది ఒక్క రోజులో జరిగింది. కోరల్ అతికించడానికి నీటి కింద వాడే ఎపాక్సీ పెట్టి బయటికెళ్లాను. ఎపాక్సీ పడితే స్కిమ్మర్ పొంగుతుందని అప్పటికి తెలియదు. తిరిగొచ్చేసరికి 20 లీటర్ల డబ్బా అంచుల దాకా ఉంది, ఆటో టాప్ ఆఫ్ డ్రమ్ము ఖాళీ. 150 లీటర్ల ట్యాంకు. ఆ రోజు పోయిన రొయ్యలు నాకింకా గుర్తే. అప్పటి నుంచి స్కిమ్మర్ కప్పుకు పైపు పెట్టను. కప్పు నిండితే ఆగిపోవాలి, అంతే.

పగడాల_పిచ్చి
డబ్బాలో ఫ్లోట్ స్విచ్ పెట్టి, నిండగానే స్కిమ్మర్ ఆగేలా చేసుకుంటే పైపు ఉన్నా పర్లేదు కదా. నేను మూడేళ్లుగా అలాగే నడుపుతున్నాను.

సంప్‌లో_చెయ్యి
పొంగితే అది కాపాడుతుంది, ఒప్పుకుంటాను. ఈయనకు జరిగింది పొంగు కాదు, రోజుకు అర లీటరు. డబ్బా నిండినప్పుడల్లా పారబోస్తూ ఉంటే ఫ్లోట్ స్విచ్‌కు తెలిసేదేముంది?

కొలతల_రాణి
32 కూడా నిజమో కాదో ఇంకా తెలియదు. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం సీసా దొరుకుతుంది, దాన్ని ఒక చుక్క వేసి ఎంత చూపిస్తుందో చెప్పండి. ఆర్ఓ నీళ్లతో సున్నా పెట్టుకుంటే సున్నా దగ్గర మాత్రమే అది సరి. మనకు కావాల్సింది 35 దగ్గర. పైగా చాలా రిఫ్రాక్టోమీటర్ల స్కేలు మామూలు ఉప్పునీళ్లకు గీసింది, సముద్రపు నీళ్లకు కాదు. అలాంటి దాని మీద 35 ఉన్న సముద్రపు నీళ్లు 36.5 దగ్గర కనబడతాయి. ద్రావణం, పరికరం రెండూ గది వేడికి వచ్చాక అరనిమిషం ఆగి చదవండి.

నీలిఅల
సీసా వచ్చింది. 35 ద్రావణం 36 దాటి, 37కు కాస్త కింద నిలబడింది. స్క్రూ తిప్పి 35కి పెట్టుకున్నాను. ఇప్పుడు ట్యాంకు 31కి ఒక గీత కింద.

అంటే ఇన్నాళ్లూ నేను 35 అని కలిపిన డ్రమ్ము నీళ్లు కూడా 33.5 అన్నమాట.

కొలతల_రాణి
అవును. మొదటి రోజు నుంచే కాస్త తక్కువలో నడుస్తున్నారు. దానికి హామర్ అలవాటు పడిపోయింది. పైన స్కిమ్మర్ తోడైంది.

నీలిఅల
అర్జెంట్. పొద్దున లేచి చూస్తే పల్చబడ్డ రెండు హెడ్లలో ఒకదాని మీద గోధుమ రంగు జిగురు. ముక్కు చీదితే వచ్చేలాంటిది, నీటి కదలికకు దారాల్లా సాగి ఊగుతోంది. నిన్న రాత్రి లేదు. కండ దాని కింద కనబడట్లేదు.

ఫ్రాగ్‌స్పాన్_తోట
బ్రౌన్ జెల్లీ, కోరల్ కండను జిగురుగా మార్చే జబ్బు. ఇది ఆగదు, ఇప్పుడే పని మొదలుపెట్టండి.

ముందు పవర్‌హెడ్లు, రిటర్న్ పంపు ఆపండి. ఆ జిగురు ఎగిరి పక్క హెడ్ మీద పడితే అదీ పోతుంది. నీళ్లు నిలబడ్డాక సన్నని గొట్టంతో జిగురును బకెట్‌లోకి లాగేయండి, ఆ నీళ్లు మళ్లీ ట్యాంకులోకి పోవద్దు. తర్వాత కోరల్ మొత్తాన్ని ట్యాంకు నీళ్లున్న గిన్నెలోకి తీయండి. ట్యాంకు నీళ్లే, కొత్తగా కలిపినవి కాదు.

మీది బ్రాంచింగ్ కావడం అదృష్టం. గోడలా పెరిగే వాల్ హామర్ అయితే కండంతా ఒకటే, ఒక చివర అంటుకుంటే రెండో చివర దాకా పోతుంది. బ్రాంచింగ్‌లో హెడ్‌కూ హెడ్‌కూ మధ్య ఒట్టి అస్థిపంజరమే. ఆ తెల్ల కొమ్మ మీద, కండ గీతకు రెండు మూడు సెంటీమీటర్ల కింద కోరల్ కట్టర్‌తో ఒక్క నొక్కు. సాగదీసి విరవకండి, పక్క హెడ్ చిట్లుతుంది. మిగిలిన నాలుగు హెడ్లను అయోడిన్ డిప్‌లో సీసా మీద రాసినంత మోతాదులో, రాసినంత సేపే ముంచి, విడిగా ట్యాంకు నీళ్లలో కడిగి లోపల పెట్టండి. కోసిన హెడ్ విడి గిన్నెలో.

మూడో_ట్యాంకు
అదే రాతి మీద జోవాంథిడ్స్ (పూల గుంపుల్లా పెరిగే, కోరల్స్‌కు దగ్గరి జీవులు) ఉంటే గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా కట్టర్ ముట్టుకోకండి. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే బలమైన విషం ఉంటుంది, కంట్లోకి చిమ్మితే చాలా ప్రమాదం.

పగడాల_పిచ్చి
యాంటీబయాటిక్ వేస్తే అన్నీ ఒకేసారి పోతాయి కదా. ట్యాంకులోనే వేసేయొచ్చు.

ఫ్రాగ్‌స్పాన్_తోట
ట్యాంకులో వద్దు, అన్నా. రాళ్లలో ఉండి అమోనియాను నైట్రేట్‌గా మార్చేది కూడా బ్యాక్టీరియానే. ఇప్పటికే ఒక దెబ్బ తిన్న ట్యాంకుకు రెండో దెబ్బ తగిలించినట్టవుతుంది. ఆ జిగురును మైక్రోస్కోప్ కింద పెడితే గుంపులుగా సిలియేట్లు (ఏకకణ జీవులు) ఈదుతుంటాయి, వాటి కడుపునిండా కోరల్ నుంచి తిన్న జూజాంథెల్లే. బ్యాక్టీరియా మొదలుపెట్టిన దాన్ని సిలియేట్లు అందుకుంటాయా, లేక అవే మొదలుపెడతాయా అన్నది పక్కన పెట్టండి. కోసి వేరు చేయడమే చేతిలో ఉన్న పని.

నీలిఅల
కోశాను. చేతులు వణికాయి. కట్టర్ నొక్కగానే సుద్దముక్క విరిగినట్టు చిన్న చప్పుడు, అంతే. గిన్నె నీళ్లకు కుళ్లు వాసన. నాలుగు హెడ్లూ డిప్ అయి లోపలికెళ్లాయి. జోవాంథిడ్స్ ఆ రాతి మీద లేవు. స్కిమ్మర్ పైపు పీకేశాను.

ఇప్పుడు ఉప్పు ఎలా పెంచాలి? 20 లీటర్లు చిక్కగా కలిపి ఒకేసారి పోసేయాలనిపిస్తోంది.

సంప్‌లో_చెయ్యి
పోయకండి. దిగడానికి ఆరు వారాలు పట్టింది, ఒక్క పూటలో ఎక్కిస్తే మిగిలిన నాలుగూ తట్టుకోలేవు. రోజుకు ఎన్ని లీటర్లు ఆవిరవుతాయి?

నీలిఅల
సుమారు 4.

సంప్‌లో_చెయ్యి
అయితే ఆటో టాప్ ఆఫ్ ఆపి, ఆ 4 లీటర్లూ చేత్తో పోయండి, మంచినీళ్లకు బదులు 35 ఉన్న ఉప్పునీళ్లు. 4 లీటర్లలో 140 గ్రాముల ఉప్పు, 200 లీటర్లకు పంచితే రోజుకు 0.7 పెరుగుతుంది. మీకు కావాల్సింది 4. ఆరు రోజుల్లో చేరతారు.

కొలతల_రాణి
ఆరోగ్యంగా ఉన్న ట్యాంకుకైతే 0.7కు నేనూ సరే అనేదాన్ని. నిన్ననే ఒక హెడ్ కోశారు, నత్తలు వెల్లకిలా పడుతున్నాయి. సగం ఉప్పునీళ్లు, సగం ఆర్ఓ పోయండి. రోజుకు 0.35, పన్నెండు రోజులు పడుతుంది. ఆరు రోజులు ముందు చేరితే వచ్చే లాభమేంటో నాకు అర్థం కాదు.

సంప్‌లో_చెయ్యి
తక్కువ ఉప్పులో ఆరు రోజులు ఎక్కువ ఉండటం కూడా దెబ్బే కదా, రాణీ. సరే, హెడ్ కోసిన మర్నాడు కాబట్టి మీ మాటే కానివ్వండి.

ఉప్పుగల్లు
ఇంకొకటి, ఇది మర్చిపోతే మళ్లీ ఇక్కడికే వస్తారు. ఉప్పు పెరిగేకొద్దీ ఆల్క్, కాల్షియం, మెగ్నీషియం కూడా దాంతో పాటే ఎక్కుతాయి. 31 దగ్గర 8.2 ఉన్న ఆల్క్, డోసింగ్ ఇలాగే ఉంటే, 35 దగ్గర 9 దాటేస్తుంది. మీరు పెంచిన 22 మి.లీ.ని ఇప్పటికి 16కు దించి, ఒకటి విడిచి ఒక రోజు ఆల్క్ ఒక్కటే కొలవండి. కదలకుండా ఉందనిపించాక మళ్లీ 20కి రండి. మెగ్నీషియం ఒక్క చుక్క కూడా పోయకండి.

చిన్న_క్లౌన్
ఇది చదివి లేచి వెళ్లి నా ట్యాంకు కొలిచాను. డ్రమ్ము కాదు, ట్యాంకు. 37! నాకు స్కిమ్మరే లేదు.

కొలతల_రాణి
ఆవిరైన నీళ్లు పోసేటప్పుడు మంచినీళ్లే పోస్తున్నావా, తమ్ముడూ?

చిన్న_క్లౌన్
ఉప్పునీళ్లు. సముద్రపు ట్యాంకు కదా అని.

కొలతల_రాణి
నీళ్లే ఆవిరవుతాయి, ఉప్పు ఉండిపోతుంది. ఇక నుంచి ఆర్ఓ నీళ్లే పోయి. రోజూ కొద్దిగా ట్యాంకు నీళ్లు తీసేసి ఆర్ఓ నీళ్లు పోస్తూ, వారం పైన తీసుకుని 35కి దించు. ముందు నీ రిఫ్రాక్టోమీటర్‌ను కూడా 35 ద్రావణంతో సరిచూసుకో.

నీలిఅల
నాలుగో రోజు. 32.2. జిగురు మళ్లీ రాలేదు. హామర్ ఇంకా ముడుచుకునే ఉంది. టర్బో నత్తలు రెండూ రాత్రికి రాత్రి అద్దం మొత్తం గీకి పెట్టాయి, అడ్డదిడ్డంగా శుభ్రమైన దారులు. వాటిని చూసి ఎంత సంతోషమేసిందో.

రాత్రి_టార్చి
నత్తలు లేచాయంటే నీళ్లు దారిలో పడ్డట్టే. హామర్‌కు ఇంకా టైమివ్వండి. తినిపించాలని మాత్రం చూడకండి. ముడుచుకున్న నోట్లో మాంసం కుక్కితే అక్కడే కుళ్లుతుంది.

నీలిఅల
పదమూడో రోజు. 35. ఆల్క్ 8.5, కాల్షియం 440. మెగ్నీషియం ఒక్క చుక్క పోయలేదు, 1390. ఉప్పుగల్లు గారి లెక్క తప్పలేదు.

నిన్న మధ్యాహ్నం మూడు హెడ్లు సగానికి పైగా విచ్చుకున్నాయి. పల్చబడ్డ నాలుగోదాని మీద రంపం అంచులు ఇంకా కనబడుతున్నాయి, కానీ వాటి మీద సన్నని కండ పొర మెరుస్తోంది. ముందు అదీ లేదు.

పగడాల_పిచ్చి
లైట్ అని గట్టిగా పట్టుబట్టాను, పొరపాటు పడ్డాను. నా రెండు హామర్లు పోయినప్పుడు నేనూ ట్యాంకు నీళ్లు కొలవలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. నాకూ అప్పట్లో ఆర్ఓ నీళ్లతో సున్నా పెట్టుకునే అలవాటే.

ఫ్రాగ్‌స్పాన్_తోట
కోసిన హెడ్ ఏమైంది?

నీలిఅల
పోయింది. డిప్ చేసి విడి గిన్నెలో చిన్న పంపు పెట్టి ఉంచాను, మూడో రోజుకు కండ మొత్తం ఊడిపోయింది. ఆ కొమ్మను కడిగి ఎండబెట్టి ట్యాంకు పక్కన పెట్టుకున్నాను. నా దగ్గర పుట్టిన మొదటి హెడ్ అదే.

ఫ్రాగ్‌స్పాన్_తోట
మిగిలిన కాలనీలో కోసిన చోటికి దిగువన, పక్క కొమ్మ కండ అంచుల దగ్గర కన్నేసి ఉంచండి. హామర్లు ఒక్కోసారి అక్కడ పెసరగింజంత కొత్త పిలకలు వేస్తాయి.

నీలిఅల
నెలన్నర తర్వాత వచ్చాను. నాలుగు హెడ్లూ పాత సైజుకు వచ్చేశాయి. ప్రతి ఆదివారం ట్యాంకు నీళ్లు కొలిచి పుస్తకంలో రాస్తున్నాను, 35 దగ్గరే నిలబడింది. డోసింగ్ 20కి వచ్చింది. స్కిమ్మర్ కప్పు రెండు రోజులకోసారి చేత్తో కడుగుతున్నాను, నల్లగా వస్తోంది.

పల్చబడ్డ హెడ్ కొమ్మ మీద, కండ గీతకు సరిగ్గా కింద రెండు పిలకలు. ఒకదానికి అప్పుడే మూడు సుత్తి కొనలు ఉన్నాయి.